బుగ్గల మీది మచ్చలతో వచ్చిన పాప: ఒకే బిడ్డలో రెండు రకాల తెల్లమచ్చలు

ఎనిమిదేళ్ల పాప. మూడో తరగతి చదువుతోంది. బరువు 22 కిలోలు. రెండు బుగ్గల మీదా పాలిపోయినట్టున్న తెల్లమచ్చలు ఏడెనిమిది నెలలుగా తగ్గడం లేదని తల్లి, నాయనమ్మ తీసుకొచ్చారు. తల్లిదండ్రుల అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పాపను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

పిల్లల్లో తెల్లమచ్చలనగానే మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. ‘ఏమీ లేదు, కాల్షియం తక్కువ’ అనేది ఒకటి, ‘బొల్లి’ అనేది మరొకటి. ఈ పాపకు ఈ రెండు మాటలనూ ఇద్దరు వేర్వేరు వ్యక్తులు చెప్పారు. నిజానికి పాప ఒంటి మీద రెండు రకాల మచ్చలు ఉన్నాయి. భయపడనక్కర్లేనివి ముఖం మీద అందరికీ కనిపిస్తున్నాయి. వెంటనే వైద్యం మొదలుపెట్టవలసినవి బట్టల చాటున, సాక్సుల కింద పెరుగుతున్నాయి. వాటి సంగతి ఎవరూ అడగలేదు, ఇంట్లోవాళ్లు చెప్పలేదు.

అప్పటిదాకా జరిగింది

తల్లి మొదట గమనించింది వేసవి సెలవుల్లో. పాప రోజంతా ఎండలో ఆడుకుంది. ఒళ్లు నల్లబడింది కానీ బుగ్గల మీద రూపాయి బిళ్లంత మేర నల్లబడలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ వైద్యుడు కాల్షియం సిరప్ ఇచ్చారు. నెల తర్వాత, కడుపులో పురుగులున్నాయని ఆల్బెండజోల్ మాత్ర వేశారు. ఫిబ్రవరి 10న, జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం నాడు, బడిలో ఇచ్చిన మాత్రను పాప అప్పటికే మింగింది. మాత్ర వల్ల నష్టం లేదు, ఆరు నెలలకోసారి వేయించడం మంచిదే. కాకపోతే బుగ్గల మీది మచ్చలకూ కడుపులోని పురుగులకూ సంబంధం లేదు. కాల్షియానికీ లేదు. ఈ రెండు నమ్మకాలు ఎంత గట్టిగా పాతుకుపోయాయంటే, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది సంచిలో కాల్షియం సీసా తప్పకుండా ఉంటుంది.

తర్వాత మందుల షాపులో అడిగి ఒక క్రీము తెచ్చారు. ట్యూబు చూపించమన్నాను. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీము అది. స్టెరాయిడ్ పూతలు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం 14 రకాలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా పౌడరు డబ్బాలాగే దొరుకుతున్నాయి. పాప ముఖానికి మూడు నెలలు రోజూ రాశారు. రాసినప్పుడు కొంచెం తగ్గినట్టు కనిపించడం, ఆపితే ఎర్రబడి మళ్లీ రావడం. బుగ్గల మీద సన్నటి నూగు వెంట్రుకలు పెరిగాయి. దగ్గరగా చూస్తే సన్నటి ఎర్ర నరాలు తేలి ఉన్నాయి. ఆ రెండూ స్టెరాయిడ్ పనులే. స్టెరాయిడ్ వాడిన చోట చర్మం మరింత తెల్లబడుతుందని కూడా చాలామందికి తెలియదు.

ఇంతలో బంధువులెవరో ‘ఇది బొల్లి’ అన్నారు. ఆ రోజు నుంచి పాపకు గుడ్డు, చేప, పాలు, పెరుగు, పులుపు అన్నీ ఆపేశారు. ఎనిమిదేళ్ల బిడ్డ పప్పు, అన్నం, చారుతో నాలుగు నెలలు గడిపింది.

ఇవన్నీ చెప్పాక, నేను అడగకపోయి ఉంటే బయటపడనిది నాయనమ్మ నోట వచ్చింది. ఎడమ కాలి మడమ పైన ఎముక మీద ఒక తెల్లమచ్చ ఉందని, దానికి బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టామని, బొబ్బలెక్కితే మానేశామని అన్నారు. “అది వేరే మచ్చ డాక్టరుగారూ, బూటు ఒరుసుకుని వచ్చింది” అని తల్లి సర్దిచెప్పబోయారు. నాకు ఆ మాటతోనే దారి దొరికింది.

పరీక్ష

మొదట కిటికీ దగ్గర పగటి వెలుతురులో బుగ్గలు చూశాను. మచ్చలు పూర్తి తెలుపు కాదు, చుట్టూ ఉన్న చర్మం కంటే ఒకటి రెండు ఛాయలు తక్కువ. అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పలేం. వేలితో తాకితే గరుకుగా, గోటితో గీస్తే సన్నటి పొట్టు. మోచేతుల వెనక చర్మం పొడిబారి ఉంది. చలికాలంలో తరచూ తుమ్ములు, జలుబు అని తల్లి చెప్పారు. పొడి చర్మం, అలర్జీ స్వభావం ఉన్న పిల్లల్లో, ముఖ్యంగా మూడు నుంచి పదహారేళ్ల మధ్య, బుగ్గల మీద వచ్చే ఈ మచ్చను పిటిరియాసిస్ ఆల్బా అంటారు. ఎగ్జిమాకు అది అతి తేలికైన రూపం. చుట్టూ ఉన్న చర్మం ఎండకు నల్లబడుతుంది, మచ్చ నల్లబడదు. అందుకే వేసవిలోనే ఎక్కువగా బయటపడుతుంది.

ఇక్కడితో ఆపి మాయిశ్చరైజర్ రాసి పంపేయవచ్చు. కానీ తెల్లమచ్చ ఉన్న ఏ బిడ్డనైనా తల నుంచి పాదం దాకా చూడకుండా పంపకూడదని నా నియమం. తల్లిని పక్కనే ఉంచి, పాపకు వదులు గౌను తొడిగించి, ఒక్కో భాగమే తీసి చూశాను.

కుడి కంటి పై రెప్ప చివర శనగగింజంత మచ్చ. బుగ్గ మచ్చల్లాంటిదే అని ఇంట్లో అనుకున్నారు. కాదు. ఇది సుద్దలా తెల్లగా, అంచు గీసినట్టుగా ఉంది. పొట్టు లేదు, తాకితే నున్నగా ఉంది. నడుము చుట్టూ, పావడా బొందు బిగించే చోట, అక్కడక్కడా తెగిన తెల్లని గీత. బొందు ఎంత బిగువుగా కట్టేవారో చర్మం మీద దాని ముద్రే చెబుతోంది. రెండు కాళ్ల చీలమండల బయటివైపు ఎముక మీద, బూటు అంచు తగిలే చోట, చెరో మచ్చ. ఎడమ దాని చుట్టూ పాత బొబ్బల మరక. నడుము గీతకు కాస్త పైన గుండుసూది తలంత తెల్లటి చుక్కలు పదీ పదిహేను గుంపుగా ఉన్నాయి. అవి ఎప్పుడు వచ్చాయని అడిగితే, వాటిని మొదటిసారి చూస్తున్నానని తల్లి అన్నారు.

బొల్లి ఉన్నవారిలో ఒరిపిడి, గాయం, కాలిన చోట కొత్త మచ్చ పుడుతుంది. కోబ్నర్ ప్రక్రియ అంటాం దీన్ని. బొందు, బూటు, బావంచాల బొబ్బ, మూడూ ఈ పాపలో ఆ పనే చేశాయి. ఆ సన్నటి చుక్కల గుంపు ఇంకా ముఖ్యమైనది. వ్యాధి ఇప్పుడు చురుగ్గా పాకుతోందనడానికి అది గుర్తు. ‘ఆరు నెలలు చూద్దాం’ అనడానికి వీల్లేదని నాకు చెప్పింది ఆ చుక్కలే.

తర్వాత స్పర్శ. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది కాబట్టి, మన రాష్ట్రాల్లో తెల్లమచ్చ ఉన్న ప్రతి బిడ్డకూ స్పర్శ పరీక్ష చేయాలి, ఎంత తొందరలో ఉన్నా సరే. జాతీయ స్థాయిలో కుష్ఠు పదివేల మందికి ఒకరి కంటే తక్కువకు దిగిందని 2005 చివరికి లెక్క తేలింది. వ్యాధి పోలేదు. ఒక బిడ్డకు కుష్ఠు వచ్చిందంటే, చికిత్స అందని పెద్దవాళ్లెవరో ఆ బిడ్డకు దగ్గరలోనే ఉన్నారని అర్థం. పిల్లలతో ఈ పరీక్షను ఆటలా చేయాలి. ముందు కళ్లు తెరిపించి, బాగున్న చర్మం మీద దూది పోగు కొస తాకించి, ‘ఎక్కడ తగిలిందో అక్కడ వేలు పెట్టు’ అని నేర్పాలి. తర్వాత కళ్లు మూయించాలి. మచ్చ మీద ఒకసారి, పక్కన ఒకసారి, మధ్యలో అసలు తాకకుండా ఒకసారి. తాకకపోయినా వేలు పెడితే బిడ్డ ఊహించి చెబుతున్నట్టు. ఈ పాప ప్రతిసారీ సరిగ్గా చూపించింది. వేడినీళ్లు, చన్నీళ్లు పోసిన రెండు గాజు గొట్టాలను కూడా చీలమండల మీది మచ్చలకు తాకించి చూశాను. మోచేతి వెనక, మోకాలి పక్కన, మెడ మీద నరాలు తడిమితే మందంగా లేవు, నొప్పి లేదు.

ఇక్కడ యువ వైద్యులకు ఒక మాట. ముఖం మీది కుష్ఠు మచ్చలో స్పర్శ నిక్షేపంగా ఉండవచ్చు, ఎందుకంటే ముఖానికి నరాలు దట్టంగా ఉంటాయి. బుగ్గ మీద ఒకే ఒక్క మచ్చ ఉండి, పొట్టు లేకుండా, నెలలు గడిచినా మారకుండా ఉంటే స్పర్శ ఉందన్న ఒక్క కారణంతో వదిలేయకూడదు. మళ్లీ మళ్లీ పిలిపించి చూడాలి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి.

గది చీకటి చేసి వుడ్స్ ల్యాంప్‌తో చూశాను. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ 1903లో తయారుచేసిన ప్రత్యేకమైన గాజు ఫిల్టరే ఈ దీపానికి ఆధారం. 365 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతిని మాత్రమే బయటికి వదులుతుంది. చూసేముందు ముఖం తుడవాలి. పౌడరు, క్రీము, దూది నూగు కూడా ఆ కాంతిలో మెరుస్తాయి. బడికి వెళ్లే పిల్లల ముఖాన పౌడరు లేని రోజు మన దగ్గర ఉండదు కదా. బుగ్గల మచ్చలు దీపం కింద దాదాపు కలిసిపోయాయి. రెప్ప, నడుము, చీలమండల మీది మచ్చలు మాత్రం నీలిఛాయ తెలుపులో, అంచు కత్తిరించినట్టు వెలిగాయి. పగటి వెలుతురులో కనిపించని మరో మూడు చోట్లు కూడా బయటపడ్డాయి: రెండు మోకాళ్లు, కుడి చేతి వేలి కణుపు. ఆ దీపం కిందే తల్లి మొదటిసారి ఏడ్చారు.

బుగ్గ నుంచి తీసిన పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఫంగస్ లేదు. శోభి అయి ఉంటే పొట్టి పోగులు, గుండ్రటి బీజాలు గుంపులుగా కనిపించేవి. శోభిని కలిగించే మలాసీజియా ఫంగస్‌కు నూనె కావాలి. తలకు రాసిన నూనె నుదురు, చెంపల దాకా కారే పిల్లల్లో ముఖం మీద కూడా వస్తుంది. కీటోకొనజోల్‌తో రెండు మూడు వారాల్లో ఫంగస్ చస్తుంది కానీ రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. మచ్చ ఇంకా ఉందని అదే మందు మళ్లీ మళ్లీ రాసేవాళ్లను చూస్తుంటాను. రుద్దితే పొట్టు రాలకపోతే ఇక మందు అవసరం లేదు.

పుట్టినప్పటి నుంచీ ఉందా?

ఏ తెల్లమచ్చకైనా నేను అడిగే మొదటి ప్రశ్న ఇది. పాపకు లేవని తల్లి గట్టిగా చెప్పారు, చంటిబిడ్డప్పటి ఫొటోలు కూడా ఫోనులో చూపించారు. పుట్టుకతో వచ్చే ఒంటరి మచ్చ, బిడ్డతో పాటే పెరుగుతూ ఆకారం మారకుండా ఉంటే, అది నీవస్ డీపిగ్మెంటోసస్. దానికి మందు అక్కర్లేదు. గాజు పలకతో నొక్కితే చుట్టూ ఉన్న చర్మంలో కలిసిపోయేదీ, గట్టిగా రుద్దినా ఎర్రబడనిదీ నీవస్ అనీమికస్. అది రక్తనాళాల తీరు, రంగు లోపం కాదు. కానీ ఆకు ఆకారంలో, అర సెంటీమీటరు కంటే పెద్దవిగా, మూడో అంతకంటే ఎక్కువో మచ్చలు పసితనం నుంచి ఉంటే మూర్ఛలు వచ్చాయా, నడక, మాట ఆలస్యమయ్యాయా అని అడిగి తీరాలి. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు వ్యాధి మొదట చర్మం మీదే కనిపించవచ్చు.

ఆడపిల్లల విషయంలో మరో రెండు సంగతులు. మర్మావయవాల దగ్గర తెల్లబడి, దురద, మూత్రానికి వెళ్తే మంట ఉంటే అది బొల్లి కాకుండా లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు. దానికి వైద్యం వేరు, ఆలస్యమైతే మచ్చకట్టి ముడుచుకుపోతుంది. సిగ్గుతో చూపించకుండా దాచడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. రెండోది స్టిక్కర్ బొట్టు. కొన్ని జిగురుల్లో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం రంగు కణాలను చంపుతుంది. నుదుట సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట, బిళ్లంత తెల్లమచ్చ వస్తుంది. ఈ పాపకు నుదురు బాగానే ఉంది, కానీ స్టిక్కర్లు మాన్పించి కుంకుమ బొట్టు పెట్టమన్నాను.

ఇంట్లోవాళ్లతో మాట

నిర్ధారణ: బుగ్గల మీద పిటిరియాసిస్ ఆల్బా, దాని మీద స్టెరాయిడ్ చేసిన నష్టం, మిగతా చోట్ల పాకుతున్న నాన్ సెగ్మెంటల్ బొల్లి, అంటే ఒంటికి ఒక పక్కకే పరిమితం కాని రకం. మచ్చల లోపలి వెంట్రుకలు ఇంకా నల్లగానే ఉన్నాయి. అది శుభ సూచన.

ఈ మాట చెప్పడానికి మందు చీటీ రాయడం కంటే ఎక్కువ సమయం తీసుకుంటాను. బొల్లిలో మన రక్షణ వ్యవస్థలోని టి కణాలే రంగునిచ్చే మెలనోసైట్ల మీద దాడి చేస్తాయి. అంటువ్యాధి కాదు. కుష్ఠుతో ఎలాంటి సంబంధమూ లేదు. ప్రపంచ జనాభాలో 0.5 నుంచి 2 శాతం మందికి ఉంటుంది, దాదాపు సగం మందిలో ఇరవై ఏళ్ల లోపే మొదలవుతుంది.

నాయనమ్మ అడిగారు: “చేపలు తిన్నరోజే పాలు తాగింది. అందుకేనా అమ్మా?”

“కాదండీ మామ్మగారూ. చేపా, పాలూ, పులుపూ, ఏదీ కారణం కాదు. ఇవాళ రాత్రే పెరుగన్నం పెట్టండి, రేపు గుడ్డు పెట్టండి.”

రక్తపరీక్ష నా మాటకు బలమిచ్చింది. హిమోగ్లోబిన్ 10.4, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ తక్కువ. ఈ వయసులో 11.5 కంటే తగ్గితే రక్తహీనతే. పథ్యం మచ్చను తగ్గించలేదు, బిడ్డను నీరసపరిచింది. ఐరన్ మొదలుపెట్టాను. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది, థైరాయిడ్ గ్రంథి మీద రక్షణ వ్యవస్థ దాడికి గుర్తయిన యాంటీ టీపీఓ యాంటీబాడీలు మాత్రం పెరిగి ఉన్నాయి. పాప పిన్నికి థైరాయిడ్ సమస్య ఉందని అప్పుడు చెప్పారు. బొల్లి ఉన్న పిల్లల్లో థైరాయిడ్ మీద కూడా ఇలాంటి దాడి జరగవచ్చు కాబట్టి ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూడాలని కార్డు మీద రాశాను.

తండ్రి ఫోనులో మాట్లాడారు. “రేపు పెళ్లీడుకు వచ్చేసరికి ఉండదు కదండీ?” అని ఆయన అడిగిన మొదటి ప్రశ్న. తప్పుపట్టలేను. మన చుట్టూ ఉన్న సమాజం ఆ భయాన్ని వాళ్లకు ఇచ్చింది. ముఖం, మెడ, నడుము బాగా స్పందిస్తాయని, వేలి కణుపులు, చీలమండలు మొండివని, మాయమయ్యాక కూడా తిరిగి రావచ్చని, పూర్తిగా పోతుందని హామీ ఇచ్చేవాళ్లను నమ్మవద్దని చెప్పాను. ఎనిమిదేళ్ల బిడ్డ ఎదురుగా ఆమె పెళ్లి గురించి మాట్లాడవద్దని కూడా చెప్పాను.

వైద్యం

ముందుగా షాపు క్రీము ఆపాం. ముఖానికంతటికీ, రెప్పతో సహా, 0.03 శాతం టాక్రోలిమస్ పూత రోజుకు రెండుసార్లు. రెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు ఈ మోతాదే. స్టెరాయిడ్‌లా చర్మాన్ని పలచబరచదు, కంటి దగ్గర గ్లకోమా భయం ఉండదు. బుగ్గల మీది ఎగ్జిమాకూ, రెప్ప మీది బొల్లికీ ఈ ఒక్కటే పనిచేస్తుంది. మొదటి వారం మంట పుడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి రాస్తే తగ్గుతుంది. తల్లి ఇంటర్నెట్‌లో చదివి, క్యాన్సర్ వస్తుందట కదా అని మూడో రోజే ఫోను చేశారు. 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ట్యూబుల మీద ఆ హెచ్చరిక పెట్టించింది నిజమే. ఆ తర్వాత ఎగ్జిమాకు ఈ పూత వాడిన వేలాది పిల్లలను పదేళ్ల పాటు గమనించిన అధ్యయనంలో మామూలుగా ఉండే అంచనాకు మించి క్యాన్సర్లు కనిపించలేదు. ఇది వివరంగా చెప్పకపోతే ఆ ట్యూబు అల్మరాలోనే ఉండిపోయేది.

నడుముకు, కాళ్లకు మొమెటాసోన్ రోజుకోసారి, నెలలో 15 రోజులు రాసి 15 రోజులు ఆపడం, ఆరు నెలలు. స్టెరాయిడ్ చెడ్డదని నేను అనడం లేదు. సరైన చోట, గడువు పెట్టి, ఒకరి కనుసన్నల్లో వాడితే మంచి మందు. తల్లికి ఈ తేడా విడమరిచి చెప్పక తప్పదు. లేకపోతే నేను ఆపించిన మందునే నేను మళ్లీ రాశానని అనుకుంటారు.

చుక్కల గుంపు, దీపం కింద బయటపడ్డ కొత్త చోట్లు చూశాక, పాకడాన్ని లోపలి నుంచి ఆపాలనుకున్నాను. ఢిల్లీ ఎయిమ్స్‌లో పస్రీచా, ఖైతాన్ 1993లో ప్రచురించిన ఓరల్ మినీ పల్స్ పద్ధతి ఇప్పటికీ మనకు అక్కరకొస్తోంది. వారంలో వరసగా రెండు రోజులు మాత్రమే, అన్నం తిన్నాక, బరువును బట్టి కిలోకు 0.1 మిల్లీగ్రాము బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర. మిగతా ఐదు రోజులు ఏమీ లేదు. ఈ పాపకు శని, ఆదివారాలు ఎంచుకున్నాం. మొదలుపెట్టేముందు ఇంట్లో క్షయ ఉందా, ఆటలమ్మ వచ్చిందా లేక టీకా పడిందా అని కనుక్కున్నాను. నెలనెలా ఎత్తు, బరువు, బీపీ. మూడు నెలలకు ఆపాం. ఇది ఎవరికి వారు ఇంట్లో వాడే మందు కాదు.

వీటితో పాటు నారోబ్యాండ్ యూవీబీ కాంతి చికిత్స, 311 నానోమీటర్లు, వారానికి రెండుసార్లు, రోజు విడిచి రోజు కంటే దగ్గరగా కాకుండా. చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజౌళ్లతో మొదలుపెట్టి, లేత గులాబీ ఎరుపు వచ్చేదాకా ప్రతిసారీ 10 నుంచి 20 శాతం పెంచాం. నడుము, కాళ్లు, చేతికి మాత్రమే. కళ్లకు గాగుల్స్, ముఖానికి గుడ్డ. రెప్పకు టాక్రోలిమస్ చాలనిపించి, గాగుల్స్ తీయించే ప్రయత్నం చేయలేదు. బిడ్డ భయపడకుండా, కదలకుండా నిలబడగలిగితేనే ఈ చికిత్స. ఎనిమిదేళ్లకు అది సాధ్యమే. మన దగ్గర అసలు కష్టం వేరే ఉంది. ఈ యంత్రం పెద్ద ఊళ్లలోనే ఉంటుంది. బస్సు ఛార్జీలు, తల్లి కూలి పని, బిడ్డ బడి, మూడూ పోతాయి. అందుకని సాయంత్రం బడి వదిలాక వచ్చేలా, చివరి మనిషిగా చూసేలా ఏర్పాటు చేశాం. వైద్యం మధ్యలో ఆగిపోవడానికి మందు పనిచేయకపోవడం కంటే బస్సు వేళలే ఎక్కువ కారణం.

బొల్లికి కొత్త మందైన రక్సోలిటినిబ్ క్రీమును పన్నెండేళ్లు, ఆపై వయసువారికి అమెరికా 2022 జూలైలో అనుమతించింది. ఎనిమిదేళ్ల బిడ్డకు దాన్ని రాయలేదు.

బావంచాల గురించి నాయనమ్మకు విడిగా చెప్పాను, ఎందుకంటే ఆమె చేసింది పూర్తిగా తెలివితక్కువ పని కాదు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మాన్ని అతినీలలోహిత కాంతికి సున్నితం చేస్తుంది. 1940లలో ఈజిప్టు వైద్యుడు ఎల్ మోఫ్టీ మరో మొక్క నుంచి తీసిన సోరాలెన్‌తో బొల్లికి ఆధునిక వైద్యం మొదలుపెట్టారు. చిక్కంతా కొలతలో ఉంది. నూనెలో ఎంత సోరాలెన్ ఉందో, ఎండలో ఎంత కాంతి తగిలిందో తెలియకుండా రాస్తే ఒళ్లు కాలుతుంది. కాలిన చోట బొల్లి పెరుగుతుంది. ఎడమ చీలమండ దగ్గర జరిగింది అదే.

పావడా బొందు పోయి వదులు ఎలాస్టిక్ వచ్చింది. బూట్లు ఒక సైజు పెంచి, అంచుకు మెత్తటి గుడ్డ కుట్టించారు.

బడి

రెండో నెల వచ్చినప్పుడు పాప ఏమీ మాట్లాడలేదు. బడిలో చివరి బెంచీకి మార్చారని, పక్కన ఎవరూ కూర్చోవడం లేదని తల్లి చెప్పారు. మా లెటర్‌హెడ్ మీద తెలుగులోనే రాసిచ్చాను: “ఈ పాపకు ఉన్న తెల్లమచ్చలు అంటుకునేవి కావు. పక్కన కూర్చున్నా, చేతులు పట్టుకుని ఆడినా, ఒకే కంచంలో తిన్నా, ఒకే టవలు వాడినా ఎవరికీ రావు. పాపను మునుపటి చోటే కూర్చోబెట్టగలరు. సందేహం ఉంటే ఈ నంబరుకు ఫోను చేయండి.” తరగతి ఉపాధ్యాయురాలు ఫోను చేశారు. ఆమె అడిగినవన్నీ మంచి ప్రశ్నలే, ఇంతకుముందు ఎవరూ ఆమెకు చెప్పలేదు, అంతే. మరుసటి వారం పాప పాత బెంచీకి వెళ్లింది. ఈ ఉత్తరం ఇప్పుడు నా దగ్గర అచ్చు వేసి ఉంచుకున్నాను. బడికి వెళ్లే ప్రతి బొల్లి బిడ్డకూ అడగకుండానే ఇస్తాను.

తర్వాత

ప్రతి నెలా ఒకే గోడ ముందు, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫొటోలు తీశాం. రోజూ చూసేవాళ్ల కంటికి మార్పు తెలియదు. నిరాశపడి మానేసేది అక్కడే.

ఆరు వారాలకు కొత్త చుక్కలు ఆగాయి. మూడో నెలకు నడుము మచ్చల్లో, ఒక్కో వెంట్రుక మొదట్లో, గోధుమరంగు చుక్క తేలింది. నాయనమ్మ వ్యవసాయదారు కాబట్టి ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను: వెంట్రుక కుదురే రంగు కణాలకు నారుమడి, అక్కడి నుంచే మచ్చంతటా నాటు పడాలి. వెంట్రుకలు లేని వేళ్ల కొనలు, పెదవులు ఎందుకు మొండికేస్తాయో, మచ్చలో వెంట్రుక తెల్లబడితే ఎందుకు దిగులో ఆమెకు మళ్లీ చెప్పనవసరం లేకపోయింది.

బుగ్గల మచ్చలు నాలుగో నెలకు కలిసిపోయాయి, నూగు, ఎర్ర నరాలు ఇంకాస్త ఆలస్యంగా తగ్గాయి. ఆరో నెలకు రెప్ప దాదాపు పూర్తిగా రంగుతో నిండింది, నడుము ముప్పావు వంతు. మోకాళ్లు సగం. చీలమండలు చాలా నెమ్మది. సంక్రాంతికి, వార్షిక పరీక్షలకు కాంతి చికిత్సలో ఖాళీలు వచ్చాయి. వచ్చినప్పుడు మోతాదు కొంత తగ్గించి మళ్లీ ఎక్కించాం. హిమోగ్లోబిన్ 12కు చేరింది, బరువు పెరిగింది.

ఏడాది తర్వాత కాంతి చికిత్స ఆపేశాం. కుడి చీలమండ చాలావరకు నిండింది. ఎడమది, బొబ్బలెక్కినది, మూడో వంతే. వేలి కణుపు మీద మచ్చ అలాగే ఉంది, పెరగలేదు. టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. రెప్ప, నడుము మీద నిండిన చోట టాక్రోలిమస్ వారానికి రెండు రాత్రులు కొనసాగిస్తున్నాం, మళ్లీ తెల్లబడకుండా. గుండుసూది తలంత చుక్కలు ఎక్కడ కనిపించినా తేదీ కోసం ఆగకుండా ఆ వారంలోనే రమ్మన్నాను. ఎడమ చీలమండకు శస్త్రచికిత్సతో రంగు కణాలు నాటే మార్గం ఉంది. కనీసం ఏడాది పాటు ఎక్కడా కొత్త మచ్చ రాకుండా ఉంటే, పాప కాస్త పెద్దదై తనకు కావాలని తానే అడిగినప్పుడు దాని గురించి మాట్లాడతాం.